జీపుచప్పుడు: వినవలసిన విధము



భారతము అరణ్యపర్వమునందలి నలోపాఖ్యానము వినని యిల్లు మన దేశమున నుండదు. బాహుకుడను మారుపేరుతో ఋతుపర్ణ మహారాజునకు సారథియై నలుడు విదర్భపురము చొచ్చునప్పుడు, అంతఃపురమున నున్న దమయంతి యా రథఘోషమును విని, తేరు తోలుచున్నవాడు నలుడే కావలెనని తలచినది. ఆమె యప్పటికి తేరును చూడలేదు. సారథి మొగము చూచినను ఆనవాలు పట్టరాని రూపమున నాతడుండెను. ఆమెకు చెవియే సాక్ష్యము. ఈ కథను తెనుగున రచించిన నన్నయభట్టారకుడు మన రాజమహేంద్రవరమున నుండిన మహానుభావుడే గదా!

చిన్ననాట మా తండ్రిగారు ఆ ఘట్టమును మాచేత చదివించినప్పుడు, బండి మ్రోతను విని దాని లోపలి సంగతి తెలిసికొనవలసిన పని మాకును నొకనాడు పడునని మేము తలపలేదు. ఆ పని పడినది. దానివలన మేము నేర్చుకొన్నది కొంత గలదు. ఇది మగవారి విషయమని పుట త్రిప్పివేయక, యొక్క గడియ మా మాట చిత్తగింపుడు. బండి నడుపువారి కన్ను దారిమీద, చేయి చక్రముమీద నుండును. ప్రక్కనో వెనుకనో కూర్చున్న మనకు వినుటకు కావలసినంత తీరిక గలదు. బండి తామే నడుపుకొను సోదరీమణులును నిప్పుడు మనలో పెక్కుమంది గలరు. వారికి మరింత యుపయోగము.

మాది కోనసీమ. మావారు బడిపంతులుగారు. మామగారి కాలమునుండి మా యింట నొక పాత జీపు గలదు. కొబ్బరికాయ దింపించిన నాడు తోటకును, వానకాలమున బురదలో పుంతదారుల వెంటను, లంకలలోని చుట్టముల యిండ్లకును అదియే మాకు వాహనము. జీపు రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941 మొదలు అమెరికా సైన్యముకొరకు వేలకొలదిగా తయారైన బండి. మన దేశమున మహీంద్రావారు 1947లో ఆ జాతి బండ్లతో మోటారుపనికి దిగిరి. తరువాత 1985లో మారుతీవారి జిప్సీయు, ఇటీవల థారును వచ్చినవి. వీని యన్నిటియందు సామాన్యమైన గుణమొకటి గలదు. మామూలు దారిని వెనుక చక్రములు రెండే బండిని త్రోయును. బురద వచ్చినను, ఇసుక వచ్చినను, గేరుకర్ర ప్రక్కనున్న మరియొక చిన్నకర్రను వేసినచో ముందు చక్రములు రెండును కూడ పనిలోనికి దిగును. దీనినే ఫోర్‌వీల్ డ్రైవు అందురు.

2022వ సంవత్సరము జూలై నెలలో గోదావరికి వచ్చిన వరద మీకు జ్ఞాపక ముండకపోదు. భద్రాచలము వద్ద నీటిమట్టము 71 అడుగులు దాటెను. 1986 ఆగస్టున 75.6 అడుగులు వచ్చిన పిమ్మట నంతటి వరదను మరల చూచినది అప్పుడే. అట్టి సమయములలో కనకాయలంక వంటి లంకల కాజ్‌వేలు నీట మునిగి, జనులు పడవలపాలగుదురు. మా ప్రాంతమున నీరు మోకాలిలోతున నున్న దారుల వెంట మా జీపు వారము దినములు బియ్యపుమూటలను, పాలడబ్బాలను, చంటిబిడ్డల తల్లులను మోసినది. ఊరివారందరు దానిని మెచ్చుకొనిరి. కాని నీరు తీసిన పిమ్మట దానికి గ్రీజు పెట్టించవలెనని మాలో నెవ్వరికిని తోచలేదు. ఆ తప్పు మాదే.

దసరా వెళ్లిన తరువాత జీపు పలుక నారంభించెను. కదలునప్పుడు 'టక్కు' మని యొక్క దెబ్బ. నిలిచి మరల కదలిన మరియొక దెబ్బ. 'పాతబండి గదా, పలుకకుండునా!' యని మగవారు నవ్వి యూరకుండిరి.

ఇంతలో కార్యమొకటి వచ్చిపడినది. మా ఆడపడుచు భర్తకు మారేడుమిల్లి ఆవల, మన్యమున నుద్యోగము. ఆమెకు తొలిచూలు, ఏడవ నెల. శ్రీమంతమునకు పుట్టింటికి తీసికొని రావలెను. వారున్న పల్లెకు తారుదారి విడిచి, వాగొకటి దాటి, మట్టిదారిని పోవలెను. ఆ దారిని పోగలిగినది మా జీపే. కడుపుతో నున్న పిల్లను ఘాటీదారిని దింపవలసిన బండి 'టక్కు టక్కు' మనుచుండగా మా అత్తగారికి నిద్రపట్టలేదు.

మావారు బండిని పట్టణములోని యొక షెడ్డునకు పంపిరి. అక్కడివా రొకసారి ముందునకు, ఒకసారి వెనుకకు నడిపి చూచి, గేరుబాక్సును దాని వెనుకనున్న పెట్టెను రెండింటిని దింపి విప్పవలెననియు, నలుబదివేల రూపాయలు సిద్ధము చేసికొనవలెననియు చెప్పిరి. మావారు ఏమియు పలుకలేదు. మా అత్తగారు మాత్రము తమ చేతిగాజులవంక నొకసారి చూచుకొనిరి. ఆ చూపు మేము చూచితిమి.

వైద్యుడు నాడి చూచుటకు ముందు 'నొప్పి యెప్పుడు వచ్చుచున్నది? తిన్న తరువాతనా, పరగడుపుననా? పడుకొన్నప్పుడా, నడచునప్పుడా?' యని యడుగును గదా! మా జీపును ఆ మాట యెవ్వరును నడుగలేదు. మరునాడు ప్రొద్దుననే మేము మా మరిదిని వెంటబెట్టుకొని, పాలపద్దు పుస్తకము వెనుకపుటలు తెరచి, పెన్సిలుతో జీపునెక్కితిమి.

"వదినగారూ, మీరు పద్దు వ్రాసినంత మాత్రమున నది మానునా?" యని అతడు నవ్వెను.

"మానదు నాయనా. ఎప్పుడు పలుకుచున్నదో తెలిసిన, ఎచ్చట పలుకుచున్నదో తెలియవచ్చును. మేము చెప్పినట్లు నడుపుము" అంటిమి.

ఆనాడు మేము వ్రాసికొన్న పద్దు ఇది. బండి నిలిచియుండగా ఇంజనును గట్టిగా త్రిప్పిన చప్పుడు లేదు. మొదటి గేరున కదలునప్పుడు టక్కు. వెనుక గేరున మరింత గట్టిగా టక్కు. పోవుచు పోవుచు పెడలుమీది కాలు తీసి మరల నొక్కిన టక్కు. చక్రము పూర్తిగా కుడికి, ఎడమకు త్రిప్పి నడపిన విశేషమేమియు లేదు. బ్రేకు వేసిన లేదు. గేరు న్యూట్రలున నుంచి పల్లమున దొర్లనిచ్చిన టక్కు లేదు. కాని మెల్లగా దొర్లునప్పుడు వెనుకవైపు క్రిందనుండి పిచ్చుకపిల్లలవలె 'కిచకిచ' మను సన్నని చప్పుడు. ఈ కడపటి చప్పుడును అంతవరకు నెవ్వరును వినియుండలేదు.

ఈ పద్దునకు అర్థము తెలియవలె నన్నచో బండిలో బలము పారెడి దారిని తెలిసికొనవలెను. డెల్టావారమైన మనకు దీనిని తెలిసికొనుట సులభము. ధవళేశ్వరము వద్ద నాపిన గోదావరి నీరు పెద్దకాలువలలో పడి, చిన్నకాలువలై, బోదెలై తుదకు చేనికి చేరునట్లు, ఇంజను బలము చక్రమును చేరును. ఇంజను గోదావరి యనుకొనుడు. క్లచ్చి తలుపు వంటిది. తెరచిన బలము పారును, మూసిన నిలుచును. గేరుబాక్సు ఆ పారుదల వేగమును హెచ్చించును, తగ్గించును. దాని వెనుకనున్న ట్రాన్స్‌ఫర్ పెట్టె, నీటిని రెండు కాలువలకు పంచెడి చోటు. అందుండి వెనుకకొకటి, ముందునకొకటి రెండు పొడుగైన గొట్టములు పోవును. ఇవి ప్రొపెల్లర్ షాఫ్టులు. ఒక్కొక్కటి పోయి ఇరుసు నడుమనున్న ఉబ్బెత్తు గిన్నెలోని పినియను, క్రౌను అను పండ్లచక్రములతో కలియును. అచ్చట బలము కుడియెడమలుగా చీలి, ఇరుసులోని కడ్డీల వెంట చక్రములకు పోవును. పారుదలలో నెచ్చట సందు వదులైనను, అచ్చట చప్పుడు పుట్టును.

షాఫ్టు కొనలయందు క్రాసులుండును. గుంతదారిలో ఇరుసు క్రిందుమీదగుచుండును గాని గేరుబాక్సు చోటు విడువదు. ఆ రెండింటి నడుమ తిరిగెడి గొట్టము ఎటు వంగినను తిరుగుచునే యుండుటకై, కూడిక గుర్తు వంటి ఉక్కుముక్కను రెండు కొమ్ముల నడుమ బిగింతురు. మెకానిక్కులు దీనిని క్రాసు అందురు. 17వ శతాబ్దమున ఇంగ్లండులోని రాబర్ట్ హుక్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి కీలును గూర్చి వ్రాసెను. దీని నాలుగు కొనలకు నాలుగు టోపీలు, ఆ టోపీలలో సూదులవంటి సన్నని ఉక్కుపుల్లలు, వానిచుట్టు గ్రీజు ఉండును. నీరు చొచ్చి గ్రీజు కొట్టుకొనిపోయిన, ఆ సూదులు తుప్పుపట్టి పొడియగును. మొదట కిచకిచ, పిమ్మట టక్కు. పద్దులోని రెండు చప్పుళ్లకును అర్థ మిదియే.

ఇంజను ఒక్కటే తిరిగినప్పుడు చప్పుడు లేదు గనుక దోషము ఇంజనుది కాదు. న్యూట్రలున దొర్లునప్పుడు దెబ్బ లేదు గనుక బలము పారునప్పుడు, అదియు దిశ మారునప్పుడు మాత్రమే అది పుట్టుచున్నది. సందు వదులైన కీలు ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు ఒరుగునప్పటి దెబ్బ యది. కిచకిచ వెనుకనుండి వచ్చుచున్నది గనుక వెనుకషాఫ్టును మొదట చూడవలెను. ఇంతవరకు ఇంట కూర్చుండియే తెలిసికొనవచ్చును.

పద్దును తీసికొని మావారు మా యూరి కాలువగట్టున నున్న వృద్ధుడైన మేస్త్రీయొద్దకు పోయిరి. ఆయన దానిని రెండుసార్లు చదివించుకొని, "ఇది వ్రాసినవారెవరండి మాష్టారూ?" అని యడిగి, మరేమియు ననక లేచి వచ్చెనట. ఆయన చేసిన పరీక్ష మేమును చూచితిమి. బండిని చదునునేలమీద నిలిపి, తాళముచెవి తన జేబులో వేసికొని, నాలుగు చక్రములకును ముందు వెనుకల దుంగలు పెట్టించెను. జాకీమీద నిలిపిన బండి క్రిందికి ఎవ్వరినైనను, ఎంతటి నేర్పరినైనను పోనీయకుడు. జాకీ జారిన ప్రాణము దక్కదు. క్రిందికి పోయి ఆయన వెనుకషాఫ్టును రెండుచేతులబట్టి అటునిటు మెలిపెట్టెను. షాఫ్టు మొత్తము కొంచెము తిరుగుట దోషముకాదు. పండ్లచక్రముల నడుమ సన్నని సందు ఉండియే తీరవలెను, లేకున్న అవి వేడెక్కి చెడును. కాని యొక్క క్రాసునకు ఇరువైపులనున్న కొమ్ములు రెండును కలిసి కదలవలెను. ఒకటి కదలి రెండవది ఊరకున్నచో ఆ క్రాసు అరిగినదనుటకు సందేహములేదు. ఇరుసువైపు క్రాసు అట్లే యున్నది. టోపీల అంచులచుట్టు ఎఱ్ఱని పొడి, కుంకుమ చల్లినట్లు కనబడెను. లోపల సూదులు తుప్పై రాలుచున్నవనుటకు అదియే గుర్తు.

అంతటితో ఆయన విడువలేదు. ఇరుసుగిన్నె మూత విప్పి వ్రేలు ముంచి చూపెను. నల్లగానో తేనెవన్నెగానో నుండవలసిన నూనె మజ్జిగవలె తెల్లబారియున్నది. నడచి వేడెక్కిన ఇరుసు ఒక్కసారిగా చల్లని వరదనీటిలో మునిగినప్పుడు, లోపలిగాలి ముడుచుకొని, గాలిరంధ్రము నుండియు సీలు అంచులనుండియు నీటిని లోపలికి పీల్చుకొనును. వేడి చెంబును నీటిలో బోర్లించిన నీరు లోనికెక్కునట్లే. నూనెలో నీరు కలిసిన పండ్లచక్రములు, బేరింగులు తుప్పుపట్టి మెల్లమెల్లగ కూయ నారంభించును. మనకది వినబడునప్పటికి ఖర్చు పదింతలగును. కనుక వరదనీటిలో నడచిన ప్రతిబండికి, చప్పుడున్నను లేకున్నను, నీరు తీసిన వారములోపల ఇరుసునూనె చూపించుటయు, గ్రీజు పెట్టు చోట్ల నెల్ల పాతది బయటికి వచ్చువరకు క్రొత్తది పెట్టించుటయు ఇల్లాలు గుర్తుచేయవలసిన పనులు.

రెండు క్రాసులు, నూనె, కూలి అన్నియు కలిసి అయిదువేలు దాటలేదు. షాఫ్టు విప్పుటకు ముందు ఆయన సుద్దముక్కతో గుర్తులు పెట్టెను. ఎందుకని యడుగగా ఇట్లు చెప్పెను. క్రాసు వంగి తిరుగునప్పుడు అవతలి కొన ఒకే వేగమున తిరుగదు. ఒక్క చుట్టులో రెండుమార్లు వడిగా, రెండుమార్లు మెల్లగా తిరుగును. షాఫ్టు రెండవకొననున్న క్రాసు ఆ హెచ్చుతగ్గులను సరిపెట్టును. కాని రెండుకొనల కొమ్ములు ఒకే వరుసలో నుండిననే అట్లు జరుగును. షాఫ్టు నడుమ జారెడి గాడులకీలు ఉన్నది. దానిని ఊడదీసి ఒక గాడి తప్పించి దూర్చినచో, క్రొత్త క్రాసులు వేసినను బండి వడకును, ఆ క్రొత్తవియు త్వరలో చెడును. షెడ్డునుండి వచ్చినప్పుడు చప్పుడు పోయి వడకు వచ్చిన యెడల, 'షాఫ్టు గుర్తులు సరిచూచితిరా?' యని యడుగుట మరువకుడు.

అరిగిన క్రాసును అట్లే విడిచి ఘాటీ ఎక్కిన నేమగునో కూడ ఆయనయే చెప్పెను. అది విరిగిన షాఫ్టు కొన ఊడి, తిరుగుచునే క్రిందనున్న బ్రేకుగొట్టములను, నూనెగొట్టములను కొట్టును. ముందువైపు కొన ఊడి నేలను గ్రుచ్చుకొనిన బండి తలక్రిందు కావచ్చును. మా అత్తగారు గుమ్మములో నిలిచి ఆ మాట విని, లోపలికి పోయి దేవునిగూట దీపము పెట్టిరి.

మా జీపున లేని చప్పుళ్లు కొన్ని గలవు. వానినిగూడ తెలిపెదము.

చక్రము పూర్తిగా ఒకవైపునకు త్రిప్పి మెల్లగా నడపునప్పుడు ముందువైపున 'టకటకటక' మని వరుసగా వినబడి, తిన్నగా పోవునప్పుడు మానినచో, ముందుచక్రము దగ్గరి కీలును అనుమానింపవలెను. నేటి బండ్లలో నిచ్చట ఆరు ఉక్కుగుండ్లు గల కీలుండును. ఆల్ఫ్రెడ్ రెజెప్ప అను అమెరికా ఇంజనీరు 1920వ దశకమున దానిని కనిపెట్టెను. ఎంత వంచినను ఒకే వేగమున త్రిప్పుట దాని గొప్ప. దానిచుట్టు మడతలమడతల రబ్బరుతొడుగు ఉండును. తొడుగు చినిగిన గ్రీజు చక్రము లోవైపున చిమ్ముకొని నల్లగా కనబడును. చినిగిన నాడే తొడుగు మార్చిన కీలు బ్రతుకును. టకటక విన్నపిమ్మట మాత్రము కీలునే మార్చవలెను.

'హూఁ' యని శంఖమువలె కూసి, పెడలు నొక్కినప్పుడొక స్వరమున, కాలు తీసినప్పుడు మరియొక స్వరమున వినబడినచో, అది ఇరుసుగిన్నెలోని పినియను, క్రౌనుల మొర. పెడలుతో నిమిత్తములేక, మలుపులో బరువు ఒకప్రక్కకు ఒరిగినప్పుడు హెచ్చి, మరియొక ప్రక్కకు ఒరిగినప్పుడు తగ్గినచో, అది చక్రపు బేరింగుది.

గుంతలలో మాత్రమే వినబడి, చదునుదారిని పెడలు నొక్కినను తీసినను లేనిచో, అది బలము పారెడి దారిది కాదు. కమానుకట్టల బుష్‌లో, షాకబ్జార్బర్లో, లేక వదులైన పొగగొట్టమో కావచ్చును. మా పెదతల్లిగారి కోడలు తమ బండి చప్పుడునకై మూడు షెడ్లు తిరిగి, తుదకు వెనుకసీటు క్రింద దొర్లుచున్న యొక యెండుకొబ్బరికాయను కనుగొన్నది. కావున ఎవరికైనను చూపుటకు ముందు జాకీని, పానాలను, సామానులను బయట పెట్టి యొకసారి నడిపి చూడుడు.

మారేడుమిల్లికి మేమును పోయితిమి. ఆడపడుచును వెనుకసీటున దిండ్ల నడుమ కూర్చుండబెట్టి, వాగు దాటుటకు మా మరిది చిన్నకర్ర వేసెను. జీపు నాలుగు కాళ్లతో పాకినట్లు గట్టెక్కినది. తారుదారి వచ్చినది. ఘాటీలో మొదటి పెద్ద మలుపు తిరుగునప్పుడు చక్రము బిగిసినట్లయి, టైరులు కీచుమనెను. రెండవ మలుపున క్రిందినుండి 'ధన్' మని పెద్దదెబ్బ వినబడినది. ఆడపడుచు మా చేయి పట్టుకొని, "వదినా, మరల పాడయినదా?" యనెను. ఆమె చేయి చల్లబడి యుండెను.

మాకును గుండె ఝల్లుమన్నమాట నిజము. కాని పద్దు అలవాటగుటచేత, ఎప్పుడు వచ్చినదని తలచితిమి. పోవునప్పుడు ఈ మలుపులలోనే ఈ చప్పుడు లేదు. వాగు దాటకముందు లేదు. తిన్నగా పోవునప్పుడు లేదు, మలుపులోనే యున్నది.

"బాబూ, ఆ చిన్నకర్ర వెనుకకు తీసితివా?" యని యడిగితిమి.

అతడు నాలుక కరచుకొనెను. తీయలేదు!

కళ్లమున పశువులను కట్టి నూర్చుట చూచినవారికి ఇందలి రహస్యము తేటపడును. రాటకు దగ్గరనున్న యెద్దు కొంచెము నడచిన చాలును. వెలుపలి యెద్దు ఎక్కువ నడువవలెను. రెండింటిని ఒకే అడుగున నడువుమన్న పగ్గము తెగును. బండి మలుపు తిరుగునప్పుడు ముందుచక్రములు పెద్దచుట్టును, వెనుకచక్రములు చిన్నచుట్టును తిరుగును. కుడియెడమల తేడాను ఇరుసుగిన్నెలోని చక్రములు సర్దును. కాని చిన్నకర్ర వేసినపుడు ముందువెనుకల షాఫ్టులు రెండును ఒకే వేగమునకు కట్టుబడును. బురదలోనైన టైరు కొంచెము జారి ఆ తేడాను తీర్చుకొనును. తారుమీద జారలేక, షాఫ్టులలో పట్టు పేరుకొని, తుదకు టైరు ఒక్కసారి ఎగిరి వదలుకొనును. ఆ 'ధన్' అను దెబ్బ అదియే. అది రోగముకాదు. మన పొరపాటునకు బండి చెప్పిన జవాబు. లక్ష్యపెట్టకుండ నడపినచో మాత్రము ట్రాన్స్‌ఫర్ పెట్టె నిజముగనే చెడును.

అతడు కర్ర లాగెను, రాలేదు. పట్టు పేరుకొన్నప్పుడు అది రాదు. దారి చూచి, చక్రము తిన్నగా నుంచి, నాలుగడుగులు వెనుకకు పోనిమ్మని చెప్పితిమి. అట్లు చేయగా కర్ర వెన్నలోని కత్తివలె జారివచ్చెను. తరువాత రంపచోడవరము వరకును, అచ్చటినుండి ఇంటివరకును జీపు మరల నోరెత్తలేదు.

ఇటీవలి కార్లు కొన్నింటిలో ముందువెనుకల తేడాను సర్దుటకు నడుమ వేరొక యేర్పాటుండును. అట్టివి తారుమీదను నాలుగు చక్రములతో నడువవచ్చును. మీ యింటి బండి ఏ జాతిదో దానితోనిచ్చిన పుస్తకమున చూచుకొనుడు. ఏ జాతిదైనను నాలుగు టైరులు ఒకే కొలతవి, ఇంచుమించు ఒకే అరుగుదలవి యుండవలెను. రెండు క్రొత్తవి, రెండు బోడివి వేసిన, తిన్నని దారిలోను పైజెప్పిన చిక్కే వచ్చును.

మా ఆడపడుచునకు మాఘమున ఆడపిల్ల కలిగినది. బాలసారెనాడు మేస్త్రీగారు వచ్చి పిల్లను చూచి పోయిరి. పాలపద్దు పుస్తకము నిండిపోయినది. ఇప్పుడు జీపునకు వేరే పుస్తకము, సీటు ప్రక్కనున్న సంచిలో దారముకట్టిన పెన్సిలుతో నున్నది. మీ యింటి బండి పలుకనారంభించిన నాడు మీరును చేయవలసినది ఇంతే. ఏ భాగమనియు, ఎంత ఖర్చనియు అడుగుటకు ముందు, నిలిచినపుడా, కదలునపుడా, పెడలు తీసినపుడా, మలుపుననా, గుంతలోనా, రెండు చక్రములతోనా, నాలుగింటితోనా యని వ్రాసికొనుడు. ఆ కాగితమును మేస్త్రీ చేతికిచ్చి, పిమ్మటనే పానా పట్టనిండు. ఇట్టి యనుభవములు గల సోదరీమణులు తమవియు వ్రాసి పంపిన మేము సంతోషముతో చదువుకొందుము.